గీతకి ఇవతల ఆగిన కారు

నాకు డ్రైవింగు నేర్పింది మా నాన్న. అందుకే మిల్టన్ కీన్స్‌లో మూడుసార్లు టెస్టు ఫెయిలయ్యాను.

తెనాలిలో మాకొక పాత కారుండేది. దానికి హ్యాండ్‌బ్రేకు అలంకారానికి మాత్రమే. "హ్యాండ్‌బ్రేకునీ కొత్తల్లుణ్ణీ నమ్మకూడదమ్మా. బండి ఆపగానే ఫస్టు గేరులో పడేసి దిగు, ఎక్కడికీ పోదు" అనేవాడు నాన్న. కాలేజీ రోజుల్లో ఒంటికి పట్టిన ఆ అలవాటు మెడిసిన్ చదివినా పోలేదు, విమానం ఎక్కినా పోలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. గేరులో ఉన్న బండిని క్లచ్ తొక్కకుండా స్టార్టు చేస్తే ఏమవుతుంది? కప్పగంతు వేస్తుంది. ఇంగ్లండులో నా పరీక్షలన్నీ ఆ కప్పగంతులతోనే పోయాయి.

మేం మిల్టన్ కీన్స్ వెళ్ళింది తొంభైల చివర్లో. మా ఆయనది కడప, సాఫ్ట్‌వేరు ఉద్యోగం. నేను అక్కడి పరీక్షలు రాసి, ఆస్పత్రిలో చేసి, జీపీ ట్రెయినింగులో చేరాను. జీపీ అంటే ఫ్యామిలీ డాక్టరు, పేషెంట్ల ఇళ్ళకి వెళ్ళాలి. ఆ ఊళ్ళో కారు లేనివాడు కాళ్ళు లేనివాడితో సమానం. ఎటు చూసినా గడులు గీసినట్టు రోడ్లు, అడుగడుక్కీ ఒక రౌండబౌట్. ఫెయిలైనందుకు కాదు గానీ, డ్యూటీల రోటా రాసే అమ్మాయి నా మొహం చూసి "పర్లేదులే, నీకు బస్సు దగ్గర ఇళ్ళే వేస్తాను" అన్నందుకు నాకు ఒళ్ళు మండింది.

మా ఆయన నేర్పుతానన్నాడు. పెళ్ళానికి మొగుడు కారు నేర్పడమంత పాడుపని ఇంకోటి లేదు. రెండో ఆదివారానికే "నీకు నేర్పేదానికంటే మా ఊరి ఎద్దుకు నేర్పేది సులువు మే" అన్నాడు. అయితే ఎద్దునే చేసుకోవాల్సింది అన్నాను. ఆ కోపంలోనే ఇంటి ముందు బండెక్కి తాళం తిప్పాను. బండి గంతేసి, పక్కింటివాళ్ళ చెత్త డబ్బాని గుద్ది, డబ్బా పడి, అందులోని సంచులన్నీ వాళ్ళ గులాబీల్లోకి దొర్లాయి.

పక్కింటి పెద్దాయన బయటికొచ్చారు. డెబ్బైకి దగ్గర్లో ఉంటారు, పొట్టిగా, మోచేతుల దగ్గర తోలు అతుకులున్న స్వెట్టరుతో. డబ్బా వంక చూడలేదు. నా వంకా చూడలేదు. బండి ముందు వంగి, "నీళ్ళేమీ కారడం లేదు. మంచిది" అన్నారు. ఆయన మాటలన్నీ ఇంగ్లీషువేగానీ నాకు మాత్రం తెలుగులోనే గుర్తున్నాయి, ఏం చెయ్యను. నేను "సారీ అంకుల్" అన్నాను. అంకుల్ ఎవరా అని ఆయన వెనక్కి తిరిగి చూసుకున్నారు.

ఆ సాయంత్రం గారెలు పట్టుకుని వెళ్ళాను, క్షమాపణకి. ఆయన భార్య, సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చేతికి మగవాళ్ళ గడియారం పెట్టుకునే మనిషి, టీ ఇచ్చారు. ఆవిడ ఆ రోజు నుంచే నాకు ఆంటీ. అంకుల్ ఒక గారె చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "వచ్చే ఆదివారం నుంచి నీ పక్కన నేను కూర్చుంటాను డాక్టర్. నీ మొగుణ్ణి ఇంట్లో ఉంచు" అన్నారు.

అలా మొదలైంది. ఆయన పాఠం ఒకటే: ముందు న్యూట్రల్, తర్వాత స్టార్టర్. బండి ఆగిందా, న్యూట్రల్. ఎక్కావా, గేరు లివరు అటూ ఇటూ ఊపి చూడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచలేదు. నేను గేరులో వదిలేస్తే మాత్రం, చెయ్యి చాచి లివరు మీద నా చేతి మీదే చెయ్యి వేసి, మెల్లిగా వెనక్కి లాగేవారు. నాన్న చెప్పిన హ్యాండ్‌బ్రేకు మాట నేను చెబితే, "మీ నాన్న మంచివాడే. కానీ ఆయన కారు వేరు" అనేవారు. నాలుగోసారి టెస్టు పాసయ్యాను. ఆంటీ నన్ను గట్టిగా పట్టుకున్నారు. అంకుల్ గారేజీలోకి తీసుకెళ్ళి ఒక పాత దుప్పటి తొలగించారు.

దుప్పటి కింద చిన్న ఆకుపచ్చ కారు. రెండే సీట్లు, పైన కప్పు లేదు. నడుమెత్తు కూడా లేదు. పక్కన తలుపు మీద తెల్లటి గుండ్రంలో అంకె, చెరిగిపోయీ పోకుండా.

ఆ తర్వాతే నాకు ఆ కారు పాల్గొన్న, ఫ్రాన్సులో జరిగే ఒక పందెం సంగతి తెలిసింది. ఏటా జూన్‌లో, శనివారం సాయంత్రం నాలుగింటికి మొదలై ఆదివారం నాలుగింటికి ముగిసే కార్ల పందెం. ఇరవై నాలుగ్గంటల్లో ఎవరు ఎక్కువ దూరం పోతే వాళ్ళది గెలుపు. ఒకళ్ళు నడిపితే ఒకళ్ళు పడుకుంటారు. మాకు శివరాత్రి జాగారం ఎలాగో వాళ్ళకి అది అలా. "జాగారానికి పుణ్యమైనా వస్తుంది, మీకేం వచ్చింది అంకుల్?" అంటే, "నడుం నొప్పి" అన్నారు.

జూన్ వచ్చిందంటే మమ్మల్నందర్నీ వాళ్ళింట్లో టీవీ ముందు కూర్చోబెట్టేవారు. మా కూతురు, చిన్నది, ఆయన ఒళ్ళో. ఆయన దానికి కథలు చెప్పినట్టు ఆ పందెం పాత కథలన్నీ చెప్పేవారు. మొట్టమొదటి రోజుల్లో రోడ్లమీద దుమ్ము లేచి, ఒకడి దుమ్ము ఇంకొకడు తింటూ పోయేవారట. పూర్వం పందెం మొదలైనప్పుడు డ్రైవర్లు రోడ్డుకి ఆ పక్కన నిలబడి, జెండా పడగానే పరుగెత్తుకొచ్చి కార్లలోకి దూకేవారట. బెల్టు పెట్టుకునే తీరిక ఎవడికీ ఉండేది కాదు. ఒక ఏడు ఒక డ్రైవరు ఇదేం పిచ్చి అని పరుగెత్తకుండా తాపీగా నడిచి వెళ్ళి, బెల్టు బిగించుకుని, అందరికంటే ఆఖర్న బయల్దేరి, చివరికి ఆయనే గెలిచాడట. ఆ మరుసటేడు నుంచి పరుగు మానేశారు. ఇంకో ఏడు ఒక కారు ఎగిరి జనంలో పడి ఎనభైమందికి పైగా పోయారు. అది చెప్పేటప్పుడు మాత్రం చిన్నదాన్ని వంటింట్లోకి, ఆంటీ దగ్గరికి పంపించేవారు.

ఆయన నమ్మిన సూత్రం ఇంకొకటుంది. ఇరవై మూడు గంటలూ నడిచినా, ముందున్నా వెనకున్నా, నాలుగు కొట్టాక ఎవరూ తోయకుండా బండి తన సొంత బలంతో గీత దాటితేనే లెక్క. దాటకపోతే అసలు నడవనట్టే. అందుకని పాడైపోయిన కార్లు ఆఖరి నిమిషాల్లో గీతకి ఇవతల రోడ్డు పక్కన ఆగి, గంట కొట్టే దాకా కాచుకునుండి, కొట్టగానే ఈడ్చుకుంటూ దాటేవి. ఇది చెప్పి ఆయన లేచి వెళ్ళి టీ పెట్టుకునేవారు.

మిగతాది ఆంటీ చెప్పారు, ఒకరోజు మా వంటింట్లో చింతపండు పిసుకుతూ. పులిహోర నేర్చుకుంటానని ఆవిడే వచ్చారు. పందొమ్మిది వందల యాభైల చివర్లో ఆ పచ్చ కారుతో అంకుల్, ఆంటీ తమ్ముడు, ఇద్దరూ ఆ పందెంలోకి దిగారు. సొంత డబ్బు, సొంత కారు. బావా బావమరుదులు. కొత్తగా పెళ్ళయిన ఆంటీ, దారి పక్కన కార్లు బాగుచేసుకునే పిట్‌లో చెక్కబల్ల మీద కూర్చుని, గడియారం చూసుకుంటూ, కారు ముందునుంచి పోయినప్పుడల్లా లెక్క పెట్టారు. ఆ గడియారమే ఇప్పుడూ ఆవిడ చేతికుంది. తెల్లవారాక ఇంజను వేడెక్కడం మొదలైంది. చివరి నిమిషాల్లో స్టీరింగు దగ్గరున్నది తమ్ముడు. గీతకి కాస్త ఇవతల గోడపక్కన ఆపాడు. పిట్‌లోంచి అంకుల్ మెడకి అడ్డంగా చెయ్యి ఆడించి, ఇంజను ఆపెయ్, చల్లబడనీ అని సైగ చేశారు. ఆపాడు. నాలుగు కొట్టింది. మళ్ళీ ఇంజను అందుకోలేదు.

"ఎంతసేపు నొక్కాడో స్టార్టరు" అన్నారు ఆంటీ. "దిగి తోయబోయాడు. తోస్తే చెల్లదు, చెయ్యి తియ్యమన్నారు పందెంవాళ్ళు. వాడు స్టీరింగు మీద తల పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. చుట్టూ జనం వేరేవాళ్ళకి చప్పట్లు కొడుతున్నారు." ఆ తమ్ముడు తర్వాత చాలా ఏళ్ళు బతికి గుండెజబ్బుతో పోయాడు. నాదే తప్పు, నేనెందుకు ఆపాను అని వాడు, నాదే తప్పు, నేనెందుకు ఆపమన్నాను అని ఈయన, వేరువేరుగా ఆవిడతోనే అన్నారుగానీ ఒకరితో ఒకరు ఒక్కసారీ అనుకోలేదట. క్రిస్మస్‌కి ఎదురెదురుగా కూర్చుని వాతావరణం గురించి మాట్లాడుకున్నారట. మగవాళ్ళ మీద నాకెప్పుడూ పెద్ద ఆశల్లేవుగానీ, ఆ పూట మాత్రం కళ్ళనీళ్ళు ఆగలేదు. చింతపండు చేతులతో తుడుచుకోబోతే ఆంటీయే తుడిచారు.

ఒకరోజు నా కారులో వెళుతున్నాం. అంకుల్ కిటికీలోంచి చూస్తూ "కౌన్సిల్‌వాళ్ళకి బుద్ధి లేదు, ఆ దీపస్తంభాలు చూడు, అన్నీ వంకరగా పాతారు" అన్నారు. స్తంభాలు నిటారుగానే ఉన్నాయి. నేను బండి పక్కకి ఆపాను. ఒక కన్ను మూసుకుని ఎదురింటి గేటు చూడమన్నాను. తర్వాత రెండోది. "మధ్యలో కమ్మీలు కలిసిపోయాయి" అన్నారు. తిన్నటి గీత వంకరగా కనిపిస్తోందంటే దానికి అర్థం నాకు తెలుసు. పేషెంటైతే నిమిషంలో చెప్పేదాన్ని. ఆయనకి చెప్పడానికి నోరు రాలేదు. అయినా చెప్పాను, డాక్టర్నయ్యాక చెప్పక చస్తానా. కంటి ఆస్పత్రికి నేనే తీసుకెళ్ళాను. చూపు మధ్యభాగం పోతోందన్నారు. అంచుల్లో కనిపిస్తుంది, ఎదురుగా ఉన్నది కనపడదు. ఆయనే తన లైసెన్సు తిప్పి పంపేశారు. నాకు బండి నేర్పిన మనిషి బండి, నా నోటి మాటతో పోయింది. వారం రోజులు ఆయన మాతో మాట్లాడలేదు. ఆ తర్వాత నుంచి ప్రతి ఆదివారం గారేజీలో పచ్చ కారులో కూర్చుని ఇంజను స్టార్టు చేసి, కాసేపు విని, ఆపేసేవారు. మా వంటింట్లోకి వినిపించేది. ఆ శబ్దం ఆగిన ప్రతిసారీ నా ప్రాణం ఉసూరుమనేది.

ఆ ఫ్రాన్సు పందెంలో మొదటిసారి డీజిల్ కారు గెలిచి, ఆయన "ట్రాక్టరు గెలిచింది" అని గొణుక్కున్న ఏడాది గడిచాక, ఒక కబురొచ్చింది. మా ఊరికి దగ్గర్లోనే ఉన్న సర్క్యూట్‌లో వెయ్యి కిలోమీటర్ల పందెం. అది మొదలయ్యే ముందు, పూర్వం ఇలాంటి దూరపు పందేల్లో తిరిగిన పాత కార్లన్నీ ఒక్క చుట్టు ఊరేగింపుగా తిరుగుతాయి. అంకుల్ కారుకీ పిలుపొచ్చింది.

ఆయన వెళ్ళనన్నారు. తర్వాత వెళదామన్నారు. తర్వాత కంచె దగ్గరికొచ్చి, నా వైపు కాకుండా నా చెవి వైపు చూస్తూ, అలా చూస్తేనే నేను ఆయనకి కనిపించేది, "ఒక్కసారి దాన్ని గీత దాటించాలి డాక్టర్. దాని సొంత బలంతో. పందెం కాదనుకో. అయినా సరే" అన్నారు.

మా ఆయన నేను నడుపుతానని ఉబలాటంగా వెళ్ళాడు. ఆరడుగుల మనిషి. ఒక కాలు పెట్టాడు, రెండోది బయటే ఉండిపోయింది. స్టీరింగు కింద మోకాలు ఇరుక్కుని, దాన్ని తియ్యడానికి నేనూ ఆంటీ ఇద్దరం పట్టాల్సొచ్చింది. "నా మోకాళ్ళు పట్టవు లే ఈ బండిలో. నువ్వే నడుపు మే" అన్నాడు. నేను ఐదడుగుల మనిషిని. ఆ కారు నాకు కొలిచి కుట్టించిన జాకెట్టులా సరిపోయింది.

అంకుల్ మళ్ళీ పాఠాలు మొదలెట్టారు, ఈసారి చెవులతో. కళ్ళు మూసుకుని పక్కన కూర్చుని, "ఇప్పుడు గేరు మార్చు, అది అడుగుతోంది" అనేవారు. పల్లెటూరి రోడ్లమీద తిప్పించారు. ఆ కారుకి తాళం తిప్పి, పక్కనున్న బొత్తాం నొక్కాలి. ముందు న్యూట్రల్, తర్వాత స్టార్టర్. ఆగినచోటల్లా నా చెయ్యి దానంతటదే ఫస్టులో వేసేది. ఆయన మళ్ళీ నా చేతి మీద చెయ్యి వేసి వెనక్కి లాగేవారు.

ఊరేగింపు రోజు పొద్దున్నే నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాను. ముందు మూత మీద కుంకుమ బొట్టు. ఆంటీ నిమ్మకాయలు చూసి టీలోకా అనడిగారు. తొక్కించడానికి అన్నాను. అంకుల్ చక్రాల కింద చితికిన నిమ్మకాయల చప్పుడు విని, మంచి శకునమేనా అన్నారు. మంచిదే అన్నాను.

ఆ రోజు ఇంగ్లండుకి ఎండ ఎక్కువే. ముందొక కారు నెమ్మదిగా దారి చూపిస్తుంటే, వెనక ముప్పై దాకా పాత కార్లు పెళ్ళి ఊరేగింపులా వెళ్ళాం. స్టాండుల్లో జనం చేతులూపుతున్నారు. అంకుల్ తల పక్కకి తిప్పి, అంచు చూపుతో అంతా చూసుకుంటున్నారు. ఎక్కడ ఏ మలుపొస్తుందో ఆయనే ముందు చెప్పారు. అంత నెమ్మదిగా పోవడం ఆ ఇంజనుకి గిట్టలేదు. వేడి ముల్లు పైకెక్కింది. నేను చెప్పలేదుగానీ ఆయన ముక్కుకి తెలిసిపోయింది. చివరి మలుపు తిరిగాం. ఎదురుగా గీత, దాని పక్కన పిట్ గోడ, గోడ దగ్గర మా వాళ్ళు ముగ్గురూ కనిపిస్తున్నారు. ఇంజను దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగిపోయింది. క్లచ్ తొక్కి, దొర్లినంత మేర దొర్లించి, గోడపక్కన ఆపాను. గీతకి ఇవతల, రెండు బస్సులు పట్టేంత దూరంలో.

"ముందు న్యూట్రల్" అన్నారు ఆయన. గొంతు మామూలుగానే ఉంది. న్యూట్రల్ చేసి నొక్కాను. మూలిగింది తప్ప అందుకోలేదు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ మూలిగింది. వెనక కార్లన్నీ మమ్మల్ని తప్పించుకుని దాటిపోయాయి. నారింజరంగు బట్టల్లో, పందెం దారిని కాసే ఇద్దరు మార్షల్స్ తోయడానికి పరుగెత్తుకొచ్చారు. ఆయన చెయ్యెత్తారు. "దయచేసి ముట్టుకోవద్దు" అన్నారు. ఇది పందెం కాదండీ, పర్లేదు, అన్నారు వాళ్ళు. "నాకు తెలుసు. ముట్టుకోవద్దు."

ఆయన చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నారు. గోడ దగ్గర ఆంటీ గడియారమున్న చేతిని ఇంకో చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ ఇదంతా ఇంతకు ముందొకసారి చూశారు. నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమొచ్చింది. ఆ కారు మీద, ఎండ మీద, ఇన్నేళ్ళుగా ఒక్క మాట అనుకోని ఆ బావా బావమరుదుల మీద. ఇక ఆగిపోయాం కదా అని చెయ్యి దానంతటదే ఫస్టులో పడేసింది, కాళ్ళు రెండూ పెడల్స్ మీంచి తీసేశాను. "నీ మొహం మండా" అని, ఆ కోపంలో, బొత్తాం మీద ఒక్కటిచ్చాను.

కారు కప్పగంతు వేసింది.

నాకు సిగ్గేసి చటుక్కున క్లచ్ మీద కాలు పెట్టి, సారీ అంకుల్ అన్నాను. ఆయన నా వైపు తిరిగారు. నోరు కొంచెం తెరుచుకునుంది. "కాలు తియ్యి" అన్నారు. "మళ్ళీ చెయ్యి."

మళ్ళీ నొక్కాను. మళ్ళీ గంతేసింది. ఇంజను చచ్చిపోయినా స్టార్టరు మోటారు బతికే ఉంది, గేరు పట్టుకుని బండిని ముందుకి ఈడుస్తోంది. మళ్ళీ, మళ్ళీ. జనం మొదట నవ్వారు. తర్వాత నవ్వు పోయి, గంతుకొక చప్పట చొప్పున అందుకున్నారు. బ్యాటరీ నీరసించింది, గంతు చిన్నదైంది, మార్షల్స్ ఇద్దరూ చేతులు వెనక్కి కట్టుకుని మా పక్కనే నడిచొస్తున్నారు. ఆఖరి గంతుకి వెనక చక్రాలు కూడా తెల్లగీత మీంచి దొర్లి ఆగిపోయాయి. ఆ తర్వాత బొత్తాం నొక్కితే టిక్ మన్నదంతే.

ఎదురుగా ఉన్న గీత ఆయనకి కనపడదు. "దాటామా?" అని అడిగారు.

"దాటాం అంకుల్. మొత్తం దాటాం."

ఆంటీ గోడ ఈవలికొచ్చి తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. మా చిన్నది "మమ్మీ, ఇట్ హాప్డ్!" అని అరుస్తోంది. అప్పుడాయన ఆంటీతో, ఎదురుగా కాకుండా పక్కకి చూస్తూ, "మాకు మరీ బాగా నేర్పారు. న్యూట్రల్, తర్వాత స్టార్టర్. గేరులో వేసి నొక్కాలని ఆ రోజు వాడికీ తట్టలేదు, నాకూ తట్టలేదు" అన్నారు. "వాడి తప్పు లేదు." ఆవిడ "నీ తప్పూ లేదు" అన్నారు. అంతే. యాభై ఏళ్ళ మాట, అరనిమిషం కూడా పట్టలేదు.

ఆ రాత్రి తెనాలికి ఫోను చేసి చెబితే మా నాన్న పొంగిపోయాడు. నవ్విన నాపచేనే పండుతుందన్నాడు. మర్నాడా సామెతని కంచె మీంచి అంకుల్‌కి విప్పి చెప్పాను. ఆయన తలూపారు.

కారుని ఆ మధ్యాహ్నం ట్రాలీ మీద ఇంటికి తెచ్చారు. మా ఆయనా నేనూ తోసి గారేజీలో పెట్టాం. ఇప్పుడు తోయొచ్చు, చెల్లుతుంది. నేను ఈసారి గుర్తుపెట్టుకుని, ఆయన నేర్పినట్టే, న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేకు లాగి దిగాను. అంకుల్ దుప్పటి కప్పబోతూ ఆగారు. తలుపు మీంచి లోపలికి వంగి, తడుముకుని గేరు లివరు పట్టుకున్నారు. దాన్ని ఫస్టులో వేశారు.

"హ్యాండ్‌బ్రేకుని నమ్మకూడదుగా డాక్టర్" అన్నారు, దుప్పటి కప్పుతూ.